వీధి నిర్మాణము - వాననీటి మార్గము

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అన్నది తెలుగునాట తరతరాలుగా వినవచ్చుచున్న సామెత. ఇందులోని రెండవ భాగము తాత్త్వికుల విచారణకు చెందినది. మొదటి భాగము మాత్రము ప్రతి గృహస్థునకు, ప్రతి పురపాలక అధికారికి, కళాశాలలో చదువుచున్న ప్రతి విద్యార్థికి సంబంధించినది. నీటికి పల్లము తెలియును. ఆ పల్లము మనకు తెలియకపోవుటయే మన వీధుల బాధలన్నిటికి మూలము.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకు స్వంత కారణమొకటి కలదు. పాతనగరములో మా తాతగారు కట్టించిన చిన్న యిల్లు ఉన్నది. నా బాల్యములో వీధి నుండి మూడు మెట్లెక్కి గడప దాటెడివారము. నలభై యేండ్లలో ఆ వీధిని ఐదారు పర్యాయములు బాగు చేసినారు. బాగు చేసిన ప్రతిసారి పాత రోడ్డును తొలగింపక దానిపైననే క్రొత్త పొర పరచినారు. మొదట ఒక మెట్టు మాయమైనది, తరువాత రెండవది, ఆ పిమ్మట మూడవది. నేడు వీధి నుండి ఒక మెట్టు దిగి మా యింటిలోనికి పోవుచున్నాము. ఇల్లు క్రుంగలేదు, వీధి పెరిగినది. ఒక వానాకాలపు రాత్రి బియ్యపు డబ్బాలను మంచముపైకి, మంచమును ఇటుకలపైకి ఎక్కించి తెల్లవారువరకు కూర్చుంటిమి. ఆ రాత్రి ఇంటిలోనికి మొదట నీరు వచ్చినది వీధి తలుపు నుండి కాదు, స్నానాల గది మోరీ నుండి. అది వాననీరును కాదు. ఎందుకట్లు జరిగినదో నాకు అప్పుడు తెలియదు. తెలిసిన పిమ్మట, ఆ తెలిసినది నలుగురితో పంచుకొనవలెనను కోరికతో ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

చరిత్ర నేర్పిన పాఠము

హైదరాబాదు నగరవాసులకు వరద క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసినది. దాదాపు పదిహేను వేలమంది ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టునెక్కి నూట యేబదిమంది బ్రతికి బయటపడిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి ఆ రాత్రిని నగరమునకు గుర్తు చేయుచు వచ్చినది.

నాటి ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ పాలనలో, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని హైదరాబాదునకు రప్పించిరి. ఆయన నదిని మాత్రమే చూచి ఊరుకొనలేదు. నదిలోనికి నీరెక్కడనుండి వచ్చుచున్నదో చూచినారు. మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా వాటిలో 221 చెరువులు ఆ వరదలో తెగినవని లెక్క తేలినది. పై చెరువు తెగిన నీరు క్రింది చెరువును తెంచును. అది దాని క్రింది చెరువును తెంచును. ఈ విధముగా ఒకదాని తప్పు మరియొకదానికి సంక్రమించి తుదకు నగరము గడప తొక్కినది. ఆయన సూచనల ఫలితముగా ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి వీధులను వెడల్పు చేయుట, ఇరుకు బస్తీలను సరిదిద్దుట, మురుగు పారుదల కల్పించుట మొదలగు పనులు చేపట్టినది.

ఇందు విద్యార్థి గ్రహింపవలసిన సూత్రమొకటి కలదు. నీటి సమస్య ఎక్కడ కనిపించునో అక్కడనే దాని కారణము ఉండవలెనని లేదు. వరద నగరములో కనిపించినది. పరిష్కారము నగరమునకు పైభాగమున దొరికినది. మన గల్లీకి కూడ ఇదియే వర్తించును.

ఈ సూత్రమును మరచినందుకు మూల్యము మన కాలములోను చెల్లించితిమి. 2000 ఆగస్టు 24న నగరములో ఇరువదినాలుగు గంటలలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా నమోదైనది. అదే నెలలో బాలాపూర్ ప్రాంతములోని గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మొదలగు బస్తీలు జలమయమైనవి. నూరు సంవత్సరములు గడచినను చెరువు, నాలా, వీధి అను మూడింటి బంధుత్వము మారలేదు.

వాన ఎంత, నీరెంత?

వాననీటి కాలువను కొలతలేక కట్టరాదు. కొలత వేయు పద్ధతి మిక్కిలి సులభము. ఐర్లండు దేశస్థుడైన థామస్ మల్వనీ 1851లో దీనికి దారి చూపెను. దానిలో మూడే అంశములు గలవు: వాన ఎంత జోరుగా కురియుచున్నది, ఎంత విస్తీర్ణముపై కురియుచున్నది, కురిసిన దానిలో ఎంత వంతు భూమిలో ఇంకక పారుచున్నది.

ఒక ఉదాహరణ తీసుకొందము. పది హెక్టార్ల మొహల్లా ఒకటి ఉన్నదనుకొనుడు. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున వాన కురియుచున్నది. ఒక హెక్టారు అనగా పదివేల చదరపు మీటర్లు. దానిపై గంటలో 600 ఘనపు మీటర్ల నీరు పడును. ఇండ్ల కప్పులు, సిమెంటు వాకిళ్ళు, రోడ్లు నిండిన చోట అందులో నూటికి ఎనుబది వంతులు పారిపోవును. అనగా హెక్టారుకు 480, పది హెక్టార్లకు 4,800 ఘనపు మీటర్లు. సెకనుల లెక్కన చూచిన సుమారు 1,330 లీటర్లు. ఐదువేల లీటర్ల నీటి ట్యాంకరును మనమందరమును ఎరుగుదుము. వేసవిలో దాని కొరకు బిందెలతో నిలుచున్నవారము. అట్టి ట్యాంకరు ఒకటి నాలుగు సెకనులైనను గడవకముందే మన గల్లీ మొదట బోర్లించినట్లును, ఆ విధముగా గంటసేపు ఒకదాని వెంట ఒకటి బోర్లించుచు పోయినట్లును భావింపుడు. అదియే ఒక చిన్న మొహల్లాపై కురిసిన వాన.

అదే పది హెక్టార్లలో తోటలు, మట్టి నేల ఎక్కువగా ఉండి నూటికి ముప్పది వంతులే పారినచో, సెకనుకు 500 లీటర్లు మాత్రమే అగును. వాన మారలేదు, మేఘము మారలేదు, నేల మారినది. వాకిలంతయు సిమెంటు చేసి, "పూర్వమింత వరదలు లేవు" అని మనము ఆకాశమును నిందించుట న్యాయము కాదు.

మురుగు వేరు, వాన వేరు

ఇప్పుడు మా స్నానాల గది రహస్యమునకు వత్తము. అదే పది హెక్టార్లలో ఐదువేలమంది నివసించుచున్నారనుకొనుడు. మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు సరఫరా చేయవలెననియు, అందులో నూటికి ఎనుబది వంతులు మురుగుగా తిరిగి వచ్చుననియు మనదేశపు ఇంజనీర్లు లెక్క వేయుదురు. అనగా మనిషికి 108 లీటర్లు, ఐదువేలమందికి దినమునకు 540 ఘనపు మీటర్లు. సెకనుకు సగటున ఆరు లీటర్లకు కొంచెము ఎక్కువ. ప్రొద్దుటి వేళ అందరును ఒక్కసారి నీరు వాడుదురు గనుక రెండున్నర రెట్లు చేసినను పదహారు లీటర్లకు మించదు.

ఒకవైపు పదహారు లీటర్లు. ఇంకొకవైపు 1,330 లీటర్లు. వాననీరు మురుగుకు ఎనుబది రెట్లకు పైగా ఉన్నది. మురుగు కొరకు వేసిన పైపులోనికి వాననీటిని మళ్ళించుట, ఒకరికి వండిన అన్నమునకు ఎనుబదిమందిని భోజనమునకు పిలుచుట వంటిది. పైపు నిండును. నిండిన పిమ్మట నీరు మ్యాన్‌హోలు మూతను పైకి నెట్టును. అంతకన్న తక్కువ ఎత్తున ఏ యింటి మోరీ ఉన్నదో వెదకి దానిలోనుండి వెనుకకు తన్నును. వీధికన్న పల్లమైన యిల్లు మాదే గనుక మా యింటికే వచ్చినది. నీరు పల్లమెరుగును గదా!

వీధిలో నీరు నిలిచినప్పుడు మ్యాన్‌హోలు మూత తీసి నీటిని అందులోనికి వదలుట మన బస్తీలలో వాడుక అయినది. చేయువారి ఉద్దేశము మంచిదే. కాని దానివలన రెండు కీడులు గలవు. ఒకటి, పై వీధివారు వదలిన నీరు క్రింది వీధివారి స్నానాల గదులలో తేలును. రెండవది, మిక్కిలి ఘోరమైనది. మోకాలి లోతు బురదనీటి క్రింద తెరచిన గుంట కంటికి కనిపించదు. బడి నుండి ఇంటికి వచ్చు పిల్లవానికి అది వీధియే గాని బావి కాదు. మూత తీసిన చేయి ఆ మూతను తిరిగి పెట్టువరకు అక్కడనే నిలువవలెను. అంతకన్న ఆ మూతను తీయకుండుట మేలు.

కావున వీధి పునర్నిర్మాణములో మొదటి నియమమేమనగా, మురుగుకొక దారి, వానకొక దారి ఉండవలెను. రెండింటిని కలుపరాదు.

గొట్టము లావు, దాని వాలు

నీటిని ఎంత లావు గొట్టములో పంపవలెను? ఇందులకు రాబర్ట్ మానింగ్ అను ఐర్లండు ఇంజనీరు 1889లో ప్రతిపాదించిన సూత్రమును నేటికిని లోకమంతట వాడుచున్నారు. ఆ సూత్రమును ఇచట వ్రాయను. దాని ఫలితములు మాత్రము చెప్పెదను.

రెండు వందల మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు గల సిమెంటు పైపును తీసుకొందము. దాని వ్యాసము 300 మిల్లీమీటర్లు అయినచో నిండుగా పారినప్పుడు సెకనుకు 68 లీటర్లు మాత్రమే మోయును. వ్యాసము 1,000 మిల్లీమీటర్లు అయినచో సుమారు 1,700 లీటర్లు మోయును. వ్యాసము మూడు రెట్లకు కొంచెము ఎక్కువైనది. మోయు నీరు ఇరువదియైదు రెట్లు అయినది. మన ఉదాహరణలోని 1,330 లీటర్లకు 900 మిల్లీమీటర్ల పైపు కొంచెము చాలదు. 1,000 మిల్లీమీటర్ల పైపు కావలెను. ఖర్చు తగ్గించుటకై సన్నని పైపు వేయుట పొదుపు కాదని దీనివలన తెలియుచున్నది. త్రవ్వుటకు, పూడ్చుటకు, రోడ్డు వేయుటకు అగు వ్యయము రెండింటికిని ఇంచుమించు ఒకటే. ఫలితములో హస్తిమశకాంతరము గలదు.

వాలు సంగతియు ఇట్టిదే. వాలు నాలుగవ వంతుకు తగ్గినచో పైపు మోయు నీరు సగమునకు తగ్గును. అంతేకాదు, నీరు మెల్లగా పారినప్పుడు అందలి ఇసుక, మట్టి అడుగున పేరుకొనును. సెకనుకు ఆరు పదుల సెంటీమీటర్లకు తగ్గకుండ నీరు పారవలెనని ఇంజనీర్లు నియమము పెట్టుకొన్నది ఇందుకే. వేగముగా పారు నీరు తన దారిని తానే ఊడ్చుకొనును. మిక్కిలి వేగమును పనికిరాదు. సెకనుకు మూడు మీటర్లు దాటినచో కాలువ అడుగు కోసుకొని పోవును.

తుది నుండి మొదటికి

పైపు కొలత తెలిసినంత మాత్రమున పని పూర్తి కాదు. పని యొక్క క్రమము తెలియవలెను. రోడ్డు వేయుట మొదటి పనియని సాధారణముగా జనులు భావింతురు. వాస్తవమునకు అది చిట్టచివరి పని.

మొట్టమొదట చూడవలసినది, నీరు చివరకు చేరు చోటు. మన గల్లీ నీరు ఏ నాలాలో కలియును? వానాకాలములో ఆ నాలా నీటిమట్టము ఎంత ఎత్తునకు వచ్చును? మన పైపు అడుగు ఆ మట్టమునకన్న పల్లమున ఉన్నచో, నాలా నీరే మన వీధిలోనికి ఎదురెక్కును. అందుచేత కొలతలు తుది నుండి మొదటికి తీయవలెను. త్రవ్వకము కూడ తుది నుండియే ప్రారంభింపవలెను. గల్లీ మొదట ఆరంభించి, నిధులు చాలక నడుమ ఆపిన కాలువ దోమలకు తొట్టియే గాని నీటికి దారి కాదు. నాలావైపు నుండి సగము కట్టిన కాలువ సగము వీధికైనను ఉపకరించును.

రెండవది, సహాయక కాలువలన్నియు కలియు నాలాకు మోయు శక్తి ఉన్నదో లేదో విచారింపవలెను. పై కాలనీవారు వెడల్పైన కాలువ కట్టుకొని నీటిని త్వరగా వదలించుకొనిరి. క్రింది బస్తీలో నాలా రెండు గోడల నడుమ ఇరుకై ఉన్నది. అప్పుడు పైవారి సుఖము క్రిందివారి దుఃఖమగును. పైనున్నవారికి సాధారణముగా పలుకుబడి ఎక్కువ; క్రిందనున్నవారికి సాధారణముగా అద్దె ఇల్లు, రేకుల కప్పు. కావున వాననీటి పథకము కేవలము లెక్కల విషయము కాదు, న్యాయ విషయము కూడ.

మూడవది, భూమిలో దాగియున్నవాటి విచారణ. మురుగు పైపు, త్రాగునీటి పైపు, విద్యుత్తు తీగలు, టెలిఫోను తీగలు అన్నియు ఇరుకైన గల్లీలోనే ఒదిగి ఉండవలెను. త్రాగునీటి పైపు మురుగు పైపునకు పైయెత్తున, వీలైనంత ఎడముగా ఉండవలెను. పాత పైపులను మార్చవలసి ఉన్నచో రోడ్డు తెరచియున్నప్పుడే మార్చవలెను. రోడ్డు వేసిన మూడు మాసములకు నీటి పైపు కొరకు దానిని చీల్చుట మనమందరమును చూచినదే. ఆ గాటును ఎంత పూడ్చినను అది మాననిపుండు వలెనే ఉండును. మొదటి వానకే అక్కడ గుంట పడును. అన్ని శాఖలవారు ఒక్కసారి కూర్చుండి ఒక్క పటముపై తమ తమ గీతలు గీసినచో ఈ వృథా చాలవరకు తప్పును.

గడపయే కొలబద్ద

చివరకు రోడ్డు. దీనికి రెండు వాలులుండవలెను. నిడివిన నాలావైపునకు ఒక వాలు. అడ్డముగా నడుమ నుండి అంచులకు మరియొక వాలు. సిమెంటు రోడ్డునకు అడ్డవాలు యాబదికి ఒకటి లేక అరువదికి ఒకటి చొప్పున ఉండును. ఆరు మీటర్ల వీధిలో నడుమ భాగము అంచులకన్న ఐదారు సెంటీమీటర్లు ఎత్తున ఉన్నచో చాలును. మూడు మీటర్ల ఇరుకు గల్లీలలో అంచులకు నీరు పంపినచో అది గోడల పునాదులలోనికి దిగును. అట్టిచోట నడుమ భాగమునే పల్లము చేసి నీటిని మధ్యగా పారించుట మేలు. పూర్వపు బస్తీలలో నడుమ రాతి కాలువలు ఉండుట వెనుక ఈ వివేకము ఉన్నది.

రోడ్డు ఎత్తును నిర్ణయించునది కాంట్రాక్టరు సౌకర్యము కాదు. ఆ వీధిలో అన్నిటికన్న పల్లముననున్న గడప. తెలుగువారు గడప అన్నను, ఉర్దూవారు దహ్లీజ్ అన్నను, దానిని దాటి నీరు లోనికి రారాదనునది అందరి కోరిక. క్రొత్త పొర వేయుటకు పూర్వము పాత పొరను గీకి తీసివేయవలెను. ఇందుకు ఖర్చగును, నిజమే. కాని తీయకపోయినచో ఆ ఖర్చు మాయము కాదు; వీధివారి గోడలపైకి, మంచాలపైకి, వైద్యుని బిల్లుపైకి బదిలీ అగును.

ఇందులో సాధారణముగా గమనింపబడని సూక్ష్మమొకటి ఉన్నది. వాననీటి కాలువను రెండేండ్లకో, ఐదేండ్లకో ఒకసారి వచ్చునట్టి వానకు సరిపోవునట్లు కట్టుదురు. 2000 నాటి వంటి వానకు సరిపడు కాలువను ప్రతి గల్లీలో కట్టుట ఏ నగరమునకును సాధ్యము కాదు. మరి అట్టి వాన వచ్చినప్పుడు మిగులు నీరు ఏ దారిన పోవలెను? వీధి మీదుగనే పోవలెను. ఆరు మీటర్ల వీధిలో సగటున పదిహేను సెంటీమీటర్ల లోతున నీరు పారినను ఇండ్లలోనికి రాని విధముగా గడపలున్నచో, నీరు సెకనుకు ఒక మీటరు వేగముతో పోయినను, ఆ వీధి సెకనుకు 900 లీటర్లు మోయును. అనగా భూమిలో ఉన్న పైపు మొదటి కాలువ, గోడల నడుమ ఉన్న వీధి రెండవ కాలువ. పొరపై పొర వేసి వీధిని గడపల ఎత్తునకు తెచ్చినవారు, తమకు తెలియకయే, ఈ రెండవ కాలువను పూడ్చివేసిరి. మా మూడు మెట్లతో పాటు పోయినది అదియే.

కట్టుట ఒకనాటి పని, కాచుట నిత్యపు పని

ఎంత చక్కగా కట్టిన కాలువయైనను, పాలిథీన్ సంచులు జాలీకి అడ్డుపడినచో నీటికి దానిని చేరు దారియే మూసుకొనును. మృగశిర కార్తె రాకముందే, అనగా జూన్ మొదటివారము లోపలనే, జాలీలు శుభ్రపరచి పూడిక తీయవలెను. తీసిన పూడికను కాలువ గట్టుననే కుప్ప పోయుట మన అలవాటు. మొదటి వానకు అది తిరిగి తన స్వస్థానమును చేరును. తీసిన దినముననే దానిని తరలింపవలెను. ఇల్లు కట్టుకొనువారు ఇసుకను, కంకరను వీధిలో పోయుట కూడ కాలువకు శత్రువే.

పూడిక తీయువారిని గూర్చి ఒక మాట. మురుగు గుంటలో విషవాయువు నిలుచును. మనిషి దిగిన క్షణాలలో స్పృహ తప్పును. అతనిని రక్షింప దిగినవాడును అతనితో పాటు పోవును. 2013 నాటి చట్టము తగిన రక్షణ సాధనములు లేక మనుష్యుని మురుగు గుంటలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి దించుటను నిషేధించినది. వాననీటి కాలువలోనికి మన ఇంటి మురుగును దొంగచాటుగా కలిపినవారము, ఆ కాలువలో దిగు కార్మికుని ప్రాణముతో ఆడుకొనుచున్నామని ఎరుగవలెను.

ఇంకుడు గుంతల విషయములోను మితమైన ఆశయే మంచిది. భూగర్భజలము పెరుగుటకు అవి మేలు చేయును. చిన్న వానలలో వీధికి వచ్చు నీటిని కొంత తగ్గించును. కుండపోతగా కురిసినప్పుడు అవి త్వరగానే నిండును. కావున ఇంకుడు గుంత కాలువకు సహాయము గాని, కాలువకు బదులు కాదు.

విద్యార్థులు చేయదగిన పని

ఇవన్నియు ఇంజనీర్ల పనులు, మనమేమి చేయగలమని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. చేయదగినది చాలనే ఉన్నది.

తాపీ మేస్త్రీలు వాడు నీళ్ళ గొట్టము అందరును చూచియుందురు. పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి రెండు కొనలు పైకెత్తి పట్టుకొన్నచో, రెండు కొనలలోను నీరు ఒకే మట్టమున నిలుచును. బొగ్గు ముక్కతో గోడపై గుర్తు పెట్టి, అక్కడనుండి గడప వరకు, రోడ్డు వరకు కొలుచుకొనవచ్చును. నలుగురు విద్యార్థులు ఒక ఆదివారము ఉదయము పూనుకొన్నచో ఒక గల్లీలోని గడపలన్నిటి ఎత్తులును ఒక కాగితముపైకి వచ్చును. వాన కురియుచున్నప్పుడు ఎక్కడ ఎంత లోతున నీరు నిలిచినదో, ఎంతసేపటికి తీసినదో వ్రాసి ఉంచుకొన్నచో అంతకన్న విలువైన పత్రము ఏ కార్యాలయములోను ఉండదు. పెద్దవారిని, ముఖ్యముగా ఇండ్లలో ఉండు స్త్రీలను అడుగవలెను. నీరు ఏ గోడ ప్రక్కనుండి మొదట వచ్చునో, ఎంతవరకు వచ్చునో వారికి తెలిసినట్లు పటములు గీయువారికి తెలియదు. తెలుగులో అడుగవలసిన యింట తెలుగులోను, ఉర్దూలో అడుగవలసిన యింట ఉర్దూలోను అడుగగల విద్యార్థులు మన కళాశాలకున్నారు. ఇది అన్ని కళాశాలలకు లేని సంపద.

వీధి పని మంజూరైనప్పుడు ప్రజలు అడుగదగిన ప్రశ్నలు ఐదు గలవు. ఒకటి, ఈ నీరు చివరకు ఎక్కడ కలియును, అక్కడ స్థలమున్నదా? రెండు, ఎంత వానకు లెక్క వేసినారు? మూడు, మురుగు, వాననీరు వేరు వేరుగా పోవునా? నాలుగు, పని పూర్తియైన పిమ్మట రోడ్డు ఎత్తు అతి పల్లపు గడపకన్న ఎంత తక్కువగా ఉండును? ఐదు, పాత పొరను తీయుట అంచనాలో చేర్చినారా? రోడ్లు, నీటి సరఫరా, పారిశుద్ధ్యము అనునవి 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంస్థలకు అప్పగింపదగినవని పేర్కొన్న పదునెనిమిది విషయాలలోనివి. అంచనాలు, పటములు చూపుమని కోరుటకు 2005 నాటి సమాచార హక్కు చట్టము త్రోవ చూపినది. మర్యాదగా, వ్రాతపూర్వకముగా, కొలతలు జతపరచి అడిగిన ప్రశ్నను త్రోసిపుచ్చుట సులభము కాదు. వట్టి ఫిర్యాదుకు జవాబు "చూచెదము" అని వచ్చును. కొలతతో కూడిన ప్రశ్నకు జవాబు కూడ కొలతతోనే రావలసి ఉండును.

కళాశాల పాలక సంఘము వారికి ఒక మనవి. కళాశాల చుట్టునున్న వీధులలో ఇట్టి సర్వేను ఈ వానాకాలమునకు పూర్వమే చేయించి, ఆ పటమును ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను వ్రాయించి, ఒక ప్రతిని గ్రంథాలయములో ఉంచి, ఒక ప్రతిని పురపాలక కార్యాలయమునకు పంపినచో చాల ఉపకారమగును. దీనికి కావలసినది ఒక నీళ్ళ గొట్టము, ఒక కొలత టేపు, కొన్ని కాగితములు. అంతకన్న ఎక్కువ వ్యయము లేదు.

మా వీధికి మరల పని మంజూరైనదని ఈ మధ్య వింటిని. ఈసారి నేను నీళ్ళ గొట్టముతో గడపలు కొలిచి ఉంచితిని. మా వైపు పదునాలుగు ఇండ్లలో తొమ్మిదింటి గడపలు ఇప్పటికే రోడ్డుకన్న పల్లమున ఉన్నవి. ఆ కాగితముపై తొమ్మిది ఇండ్లవారును సంతకములు చేసినారు. సంతకము రానివారు వేలిముద్ర వేసినారు. దానిని అందజేసి రసీదు తీసుకొంటిమి. జవాబు ఇంకను రాలేదు. వచ్చువరకు అడుగుచునే ఉందుము. ఏనాటికైనను మా అమ్మ వీధి నుండి ఒక మెట్టైనను పైకెక్కి తన యింట అడుగు పెట్టవలెనన్నదే నా కోరిక.